తండ్రియే గురువైన వేళ: గృహవిద్యా సంప్రదాయమూ, మదనపల్లె బాలుని వృత్తాంతమూ

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలక ఆరుణి తన కుమారుడు శ్వేతకేతువును 12వ యేట గురుకులానికి పంపుతాడు. ఆ కుమారుడు 24వ యేట సకల వేదాలనూ అభ్యసించి, పాండిత్యంతో పాటు గర్వాన్నీ వెంటబెట్టుకొని తిరిగివస్తాడు. అసలైన బోధ అప్పుడు ఇంటిలో ఆరంభమవుతుంది. తండ్రి మర్రిపండును చీల్చమని, విత్తనాన్నీ చీల్చమని, లోపల ఏమి కనబడుతున్నదో చెప్పమని అడుగుతాడు. ఉప్పును రాత్రి నీటిలో వేయించి, ఉదయాన ఆ నీటిని పైనుండి, నడుమనుండి, అడుగునుండి రుచి చూడమంటాడు. తైత్తిరీయంలోని వరుణుడు మరింత మితభాషి. బ్రహ్మమును బోధించమని కుమారుడు భృగువు వచ్చిన ప్రతిసారీ, సమాధానాన్ని చేతికి అందించక, తపస్సుచేత తెలుసుకొమ్మని పంపివేస్తాడు. ఈ ఇద్దరు తండ్రులూ బోధకులే. కాని పుత్రుని అన్వేషణను తాము ఆక్రమించినవారు కారు.

గృహవిద్య ఉపనిషత్కథలకే పరిమితం కాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యాస్థితిపై విచారణ జరిపించాడు. 1826నాటి ఆయన నివేదికలో 12,498 పాఠశాలల లెక్క ఉన్నది. మద్రాసు నగరంలో బడులలో చదివేవారు 5,523 మంది కాగా, ఇండ్లలో చదువుకొనేవారు 26,963 మంది అని కలెక్టరు పంపిన లెక్క. ఈ రెండవ సంఖ్యలో పొరపాటు ఉండవచ్చునని మన్రోయే సందేహించాడు. అయినా ఇంటిచదువు విస్తారంగా ఉన్నదన్న మాటను ఆయన కాదనలేదు. నేడు నూతనంగా తోచే ఈ మార్గం మన పూర్వులకు సుపరిచితమే.

అయితే ఈ మార్గంలోని శ్రేయస్సునూ, ప్రమాదాన్నీ ఏకకాలంలో చూపిన జీవితం మదనపల్లెలో ఆరంభమైనది. 1895లో అక్కడ జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యంలో మందబుద్ధిగా పరిగణింపబడ్డాడు. తల్లి సంజీవమ్మ 1905లో మరణించింది. ఉద్యోగ విరమణ పొందిన తండ్రి నారాయణయ్య 1909లో కుటుంబంతో అడయారు చేరాడు. మద్రాసులోని బడిలో ఆ బాలునికి దక్కినవి బెత్తపు దెబ్బలు. దివ్యజ్ఞాన సమాజంవారు కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ ఆ బడి మాన్పించి, అడయారులోనే ప్రత్యేక బోధకులచేత చదివించారు. దండన తొలగగానే బాలుని బుద్ధి వికసించింది. ఆంగ్లభాష స్వల్పకాలంలోనే అబ్బింది.

ఇంతవరకు ఇది శుభోదంతం. కాని బోధించినవారికి ఒక సంకల్పం ఉన్నది: ఈ బాలుడు రాబోయే జగద్గురువు కావాలి. స్నానం, ఆహారం, వ్యాయామం, అధ్యయనం సమస్తమూ ఆ లక్ష్యానికే నియమితమైనవి. తన కుమారులను తిరిగి అప్పగించమని తండ్రి 1912లో అనిబిసెంటుపై వ్యాజ్యం వేశాడు. మద్రాసు హైకోర్టులో తండ్రి పక్షం నెగ్గింది; 1914లో లండనులోని ప్రివీ కౌన్సిలు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. బిడ్డ చదువుపై అధికారం ఎవరిదని న్యాయస్థానాలు వాదించినవి. ఆ చదువు బిడ్డకు ఏమి చేస్తున్నదన్న ప్రశ్నకు మాత్రం ఆ బిడ్డయే ఉత్తరం చెప్పవలసి వచ్చింది. ఇంగ్లండులో ప్రత్యేక బోధకులున్నా విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలలో కృష్ణమూర్తి ఉత్తీర్ణుడు కాలేదు. 1929లో, తనకోసమే నిర్మితమైన నక్షత్ర సంఘాన్ని తానే రద్దు చేశాడు. బడిలోని బెత్తాన్నీ, ఇంటిలోని మూసనూ ఉభయాలనూ అనుభవించినవాడు కనుకనే ఆయన ఆలోచనలో భయరహిత విద్యకు ప్రథమస్థానం దక్కింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ విద్యాలయం ఆ ఆలోచనకు రూపం.

ఆ విద్యాలయపు గ్రామీణ విభాగం వివిధ వయస్సుల పిల్లలు ఒకే గదిలో, అభ్యాసపత్రాల సాయంతో, ఎవరి గతిలో వారు ముందుకు సాగే పద్ధతిని రూపొందించింది. ఇది స్వభావరీత్యా గృహవిద్యకు మిక్కిలి సన్నిహితమైన బోధ. అటనుండి పుంగనూరు, పలమనేరు మీదుగా దక్షిణంగా సాగితే కుప్పం వస్తుంది. అక్కడి గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ స్వల్పవ్యయ వస్తువులతో విజ్ఞానశాస్త్రాన్ని చేతులతో చేయించి నేర్పుతున్నది. ఉద్దాలకుని ఉప్పునీటికి ఇది దూరపు చుట్టమే. దారిలోని పుంగనూరు, అతి పొట్టి పశుజాతులలో ఒకటైన తన ఆవుకు ప్రసిద్ధం. ఆ ఆవు ఉన్న ఇంటిలో మేత తూచడం గణితం, దూడ పెరుగుదలను వ్రాసిపెట్టడం జీవశాస్త్రం.

ఇంటిచదువు ఆరంభించదలచిన తల్లిదండ్రులు లౌకిక నియమాలనూ ఎరుగవలెను. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను విధించింది. బిడ్డను సమీప పాఠశాలలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యమన్నది. గృహవిద్యను అది పేరెత్తి గుర్తించలేదు. కనుక స్థానిక విద్యాధికారులతో ముందే సంప్రదించడం వివేకం. 14 సంవత్సరాలు నిండినవారు 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును.

అంతకంటె ముందు చేయవలసినది మరొకటి ఉన్నది. బడి మాన్పించిన మరునాడే ఇంటిని మరొక బడిగా మార్చక, కొన్ని వారాలపాటు బిడ్డ దేనిని తనంతట అడుగుతున్నాడో, దేనివద్ద కాలం మరచిపోతున్నాడో పరిశీలించవలెను. పాఠ్యప్రణాళిక ఆ పరిశీలననుండి పుట్టవలెను. బిడ్డ ఏమి కావలెనో ముందే నిశ్చయించుకొన్న ఇల్లు ఎంత ప్రేమమయమైనా అడయారు వంటిదే అవుతుంది. వరుణుడు భృగువుకు ఇచ్చినది ఒక దిశ, కావలసినంత వ్యవధి, మరల వచ్చి అడగడానికి ఎల్లప్పుడూ తెరచియుంచిన ద్వారం. గృహవిద్యకు శ్రీకారం చుట్టే తండ్రికైనా, తల్లికైనా ఆ మూడూ చాలును.