అంచున నిప్పు: ఒక చిన్న తూటా కథ

ఉగాదినాడు నా పూర్వ విద్యార్థి ఒకడు పెద్దారవీడులో మా యింటికి వచ్చి, పచ్చడి తిని, కాసేపు ఊరి సంగతులు మాట్లాడి, చివరకు అసలు మాట బయటపెట్టాడు. వాని కూతురికి పదునాలుగేళ్లు. హైదరాబాదులో మేనమామ ఇంట ఉండి చదువుకుంటూ, గురిచూసి కాల్చే క్రీడలో శిక్షణ పొందుతున్నది.

"సార్, పాయింట్ టూటూ పిస్టలు కావాలంటోంది. ఈ ఏడు మిరపకాయల డబ్బు చేతికొచ్చింది. విదేశీ సరుకు లక్షల్లో ఉందంట. ఏది కొనమంటారు?"

"ఒరే నాయనా, సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి పిస్టళ్ల సంగతి అడుగుతున్నావా?" అన్నాను నవ్వుతూ.

"మీరు ఎన్.సి.సి.లో తుపాకి కాల్చారని క్లాసులో చెప్పేవారు కద సార్!"

చెప్పిన మాట నిజమే. అయితే నాకున్నది ఆ పాత రైఫిలు పరిచయం మాత్రమే. ఆనాడు వానికి పొడిపొడిగా ఏదో చెప్పి పంపాను. తరువాత కొంత చరిత్ర తిరగేసిన పిమ్మట తోచినది ఇక్కడ వ్రాస్తున్నాను. ఏ పనిముట్టునైనా ఎంచుకొనే ముందు అది ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలన్నది నా మతం.

నాటు తుపాకికి పెట్టే కేపు నల్లమల అంచు పల్లెల్లోని పెద్దలకు తెలిసినదే. 1845 ప్రాంతంలో పారిస్ నగరంలో లూయీ నికోలా ఫ్లోబేర్ అనే తుపాకుల పనివాడు అటువంటి కేపు మూతిలోనే చిన్న సీసపు గుండును బిగించాడు. వేరే మందు కూరలేదు. కేపులోని పేలుడు పదార్థమే గుండును ముందుకు తోసేది. వేటకూ యుద్ధానికీ అది పనికిరాదు. సంపన్నుల ఇండ్లలో, విశాలమైన హాలులో నిలబడి గురి చూసే వినోదానికి పుట్టిన వస్తువది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు ఆ ఊహను పెంచి, గొట్టంలో కొంచెం మందు చేర్చి, చిన్న రివాల్వరుతో పాటు ఆ తూటాను అమ్మకానికి పెట్టారు. 1887లో స్టీవెన్స్ కంపెనీ దానిని మరికొంత పొడిగించి 'లాంగ్ రైఫిల్' అన్న పేరు పెట్టింది. నేటికీ ప్రపంచమంతటా క్రీడాకారులు కాల్చేది ఆ తూటానే. వ్యాసం సుమారు 5.6 మిల్లీమీటర్లు, గుండు బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు.

దీనికి 'రిమ్‌ఫైర్' అన్న పేరు సార్థకం. పెద్ద తూటాలకు అడుగున నడిమధ్య వేరే కేపు ఉంటుంది. దీనికి ఆ పేలుడు పదార్థం అడుగు అంచు మడతలోనే నిండి ఉంటుంది. సుత్తి దెబ్బ అంచు మీద పడితేనే నిప్పు. దెబ్బకు నలగాలంటే ఆ అంచు రేకు పలుచగా ఉండాలి. పలుచని రేకు ఎక్కువ ఒత్తిడిని ఓర్వదు. కనుక మందు తక్కువ, చేతికి తగిలే ఎదురుదెబ్బ తక్కువ, ఖర్చూ తక్కువే. ఒకసారి పేలిన గొట్టాన్ని మళ్లీ నింపి వాడుకోవడం మామూలుగా కుదరదు. బలహీనత అనుకున్నదే దీనికి వరమైంది. వేయిసార్లు కాల్చినా చేయి బెదరదు. సాధనకు కావలసింది అదే కదా!

ఈ సాధన విద్య మనకు ఆలస్యంగా రావడానికి ఒక కారణముంది. 1878లో లిట్టన్ ప్రభువు కాలంలో వచ్చిన ఆయుధ చట్టం ప్రకారం భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. ఐరోపావారికి మాత్రం మినహాయింపు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడి చేసినది ఆయుధాల కోసమే. తుపాకి ఉన్నచోటు సర్కారు ఠాణా. అటువంటి దేశంలో గురిపందెం సామాన్యుని ఆట ఎట్లా అవుతుంది? స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఎన్.సి.సి. ఏర్పడింది. 1951లో జాతీయ రైఫిల్ సంఘం వెలసింది. లోక్‌సభ తొలి స్పీకరు మావలంకర్ దానికి తొలి అధ్యక్షుడు. పాత చట్టం స్థానంలో 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. పల్లెటూరి బడిపిల్లవాడు చట్టబద్ధంగా తుపాకి పట్టే అవకాశం ఎన్.సి.సి. చలవ.

ఆ చలవ పొందినవారిలో నేనూ ఒకణ్ణి. క్యాంపులో బోర్లా పడుకొని అయిదు తూటాలు కాల్చాను. ఆనాడు సన్నని తుంపర. కాల్చిన పిదప రైఫిలును పైపైన తుడిచి అప్పగించాను. మరునాడు హవల్దారుగారు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూపించారు. లోపల ఎర్రని పొడి. "బయట మెరిస్తే ఏం లాభం?" అని ఒక్కటే మాట అన్నారు. కడ్డీకి చిందిగుడ్డ తొడిగి పూటంతా తుడిపించారు. తరువాత ముప్పయి ఏళ్లకు పైగా పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ ఆ మాట ఎన్నిసార్లు తలచుకున్నానో!

పిస్టలు సంరక్షణ సూత్రమూ అదే. ముందుగా మ్యాగజీను తీసి, తూటా ఉండే గదిని కంటితో చూసి, వేలితో తడిమి, ఖాళీ అని నిశ్చయించుకోవాలి. వీలైనంతవరకు వెనుకవైపు నుండి కడ్డీ దూర్చాలి. మూతి అంచు అరిగితే గురి చెడుతుంది. ఈ చిన్న తూటా గుండుకు మైనమో కొవ్వో పూసి ఉంటుంది. ఆ జిడ్డూ, సీసమూ, మసీ కలిసి తూటా గదిలో పేరుకుంటాయి. అప్పుడు తూటా పూర్తిగా లోపలికి పోక ఇరుక్కుంటుంది. నూనె చుక్కలుగానే వేయాలి. ఎక్కువైతే మసిని పట్టి ముద్ద చేస్తుంది. ముఖ్యమైన సంగతి మరొకటి. తూటా లేకుండా ఊరకే ట్రిగ్గరు నొక్కితే, అంచును కొట్టవలసిన సూది కొన్ని పిస్టళ్లలో గది అంచునే కొట్టి గాటు పెడుతుంది. ఖాళీ సాధనకు డమ్మీ తూటాలు వాడాలి, లేదా తయారీదారు అనుమతించినట్లు చేయాలి.

ఇక ఎంపిక. ఆడపిల్లల 25 మీటర్ల పిస్టలు పోటీ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. ముప్పయి తూటాలు నిదానంగా, ముప్పయి వేగంగా కాల్చాలి. వేగపు పోటీలో లక్ష్యం మూడు సెకన్లు కనబడి ఏడు సెకన్లు మరుగవుతుంది. ట్రిగ్గరు కనీసం 1000 గ్రాముల బరువును మోయాలి, పిస్టలు 1400 గ్రాములు మించరాదు. ఈ హద్దుల్లో ఇమిడే మంచి పిస్టళ్లన్నీ మనిషి కంటె నికరంగానే కాలుస్తాయి. కనుక కంపెనీ పేరు కంటె చెక్కపిడి అరచేతికి అతకడం ముఖ్యం. ట్రిగ్గరు ప్రతిసారీ ఒకే తీరున తెగాలి. విడిభాగాలు మన దేశంలో దొరకాలి. ఒకే పిస్టలు ఒక్కొక్క రకం తూటాను ఒక్కొక్క తీరుగా కాలుస్తుంది గనుక రెండు మూడు రకాలు పరీక్షించాలి.

హంగరీ సైనికుడు కారోయ్ తకాచ్ కథ ఇక్కడ చెప్పుకోదగినది. 1938లో గ్రెనేడు పేలి అతని కుడిచేయి చెడింది. ఎడమచేత్తో మొదటినుంచి నేర్చుకొని 1948లోను, 1952లోను ఒలింపిక్ వేగపు పిస్టలు పోటీలో స్వర్ణం గెలిచాడు. మన హైదరాబాదు బిడ్డ ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ల ప్రాయంలో 10 మీటర్ల ఎయిర్ పిస్టలు జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టలు జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది. ముందు గాలి పిస్టలు, ఆ పిమ్మట తూటా.

ఇరవయ్యొక్క ఏళ్లు నిండనివారు తుపాకి సంపాదించరాదన్నది మన చట్టంలోని సాధారణ నియమం. శిక్షణకు నిబంధనలతో కూడిన వెసులుబాటు ఉంది. కనుక నా శిష్యునికి ఫోనులో ఇట్లా చెప్పాను: "మిరప డబ్బు బ్యాంకులో వెయ్యి. ఏడాదిపాటు అమ్మాయి గాలి పిస్టలుతో సాధన చెయ్యనీ. శిక్షణ కేంద్రంలోని తూటా పిస్టలును వాళ్ల పర్యవేక్షణలో కాల్చి, అది ఆమే తుడవాలి. తుడవడం మీద విసుగు రాకపోతే అప్పుడు కొను."

కాసేపు మాట్లాడలేదు. "అమ్మాయి ఏడుస్తుందేమో సార్" అన్నాడు.

"ఏడిస్తే నాకు ఫోనివ్వు. హవల్దారుగారి మాట నేను చెబుతాను" అన్నాను.

ఆ పిల్ల ఫోను ఇంకా రాలేదు. ఎన్.సి.సి.లో తుపాకి తుడిచిన చదువరులు ఎవరైనా ఉంటే, ఆ పిల్లకు చెప్పదగిన మాట ఒకటి నాకు అందించగలరు.