కలివికోడిని తాకకుండా

మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ సంపాదించిన ఒక పక్షికి 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయ నామం పెట్టాడు. ఎద మీద రెండు పట్టీలు, పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు. ఆ కాలంలో పక్షిని చదవడమంటే తుపాకీతో కొట్టడం, తోలు ఒలిచి దూది కూరడం, కాలికి చీటీ కట్టడం. పుస్తకాల్లో అది జెర్డన్స్ కోర్సర్, కడప దగ్గరి లంకమల కొండల పల్లెల్లో కలివికోడి. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూశాక శాస్త్రవేత్తల కంటికి మళ్ళీ ఆనలేదు. ఇక లేదనే అనుకున్నారు.

ఊళ్ళో మాత్రం రాత్రిపూట పిట్టల వేటకు పోయేవాళ్ళకు అది తెలుసు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఈ ప్రాంతానికి వచ్చి బొమ్మ చూపించి పల్లెపల్లెనా అడిగాడు. 1986 జనవరిలో లంకమల అంచున రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు దాన్ని ప్రాణాలతో పట్టాడు. ఎనభై ఆరేళ్ళ తర్వాత దొరికిన పక్షి! మా బద్వేలు ప్రాంతం పేరు దేశమంతా వినబడింది. కానీ పట్టిన పక్షి ఎక్కువ కాలం బతకలేదు. దాని కళేబరాన్ని సొసైటీ భద్రపరిచింది.

నేను జువాలజీ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. ఆ పక్షి చావు నన్ను ఇప్పటికీ వదలదు. అది ఉందని లోకం నమ్మాలంటే సాక్ష్యం కావాలి, ఆ రోజుల్లో సాక్ష్యమంటే చేతిలో పక్షే. అందుకే ఎవరినీ తప్పుపట్టను. ఎన్ని మిగిలాయో తెలియని జాతిలో ఒకటి పోతే అది ఎంత నష్టమో మాత్రం లెక్క కట్టలేం.

మా ప్రయోగశాలలో అయితే నష్టమన్న మాటే వినబడేది కాదు. అటెండరు గోతంలో కప్పలు తెచ్చేవాడు. క్లోరోఫాం దూదితో సీసాలో మూత పెడితే కాసేపు కాళ్ళు తన్నుకుని అణిగేవి. మైనపు ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్ళకూ గుండుసూదులు గుచ్చి, పొట్ట చర్మం కత్తిరించి తెరిస్తే గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండేది. పిల్లలు దాన్నే వింతగా చూసేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో కప్ప, పరీక్షకు మరొకటి. యూజీసీ 2011లో మార్గదర్శకాలిచ్చి, 2014లో పూర్తిగా వద్దనే దాకా ఇదే పద్ధతి. ఆ ఆదేశం రావాల్సిన దానికంటే చాలా ఆలస్యంగా వచ్చిందని నా అభిప్రాయం.

ఎందుకంటే చట్టం అప్పటికే పాతది. నాట్యానికి పేరుపడ్డ రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పెట్టిన బిల్లు కదిలించబట్టే 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. ప్రయోగాలను గమనించే కమిటీకి అందులోనే చోటుంది. దానికి పళ్ళూ గోళ్ళూ వచ్చింది 1998 నిబంధనలతో: సంస్థ పేరు నమోదు కావాలి, ప్రతి సంస్థలో ఒక నైతిక కమిటీ కూర్చోవాలి, అందులో పశువైద్యుడితోపాటు బయటి శాస్త్రవేత్త, శాస్త్రంతో సంబంధం లేని మనిషి ఒకరు ఉండాలి. ఆ కమిటీ అడిగే ప్రశ్నలకు మూలం 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు రాసిన పుస్తకం. జంతువు లేకుండా పని జరుగుతుందా? జరగకపోతే ఎన్ని తక్కువతో సరిపెట్టొచ్చు? వాటికి బాధ ఎలా తగ్గించొచ్చు?

ఇవన్నీ ఎలుకల బోన్లను చూసి అడిగిన ప్రశ్నలు. అడవిలో పక్షికి 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పరిశోధన కోసమైనా అనుమతి లేనిదే పట్టరాదు. అయితే ఆ మూడు ప్రశ్నలకూ అందరికంటే చక్కని జవాబు చెప్పింది మా కంప పొదల్లో పనిచేసిన పరిశోధకులేనని నేను నమ్ముతాను.

కలివికోడి రాత్రి తిరుగుతుంది, పగలు పొదల్లో అణగిపోతుంది. జగనాథన్, రైస్ గ్రీన్, వాళ్ళ సహచరులు దాన్ని వెంటాడలేదు. పొదల సందుల్లో నేల చదును చేసి మెత్తని మట్టిని పట్టీలుగా పరిచారు. తెల్లారి వెళ్ళి వంగి చూడటమే పని. తీతువు నడిచి ఉంటుంది, కౌజు నడిచి ఉంటుంది, కుందేలు గెంతి ఉంటుంది. కలివికోడికి వెనక వేలు ఉండదు, ముందుకు మూడే. అలాంటి అడుగు పడిన చోట, దానంతటదే ఫోటో తీసే కెమెరా పెట్టారు. ఈ పద్ధతి 2002లో ఒరిక్స్ పత్రికలో అచ్చయింది. తర్వాత దాని అరుపును రికార్డు చేసి, ఆ టేపు వినిపించి, బదులు పలికిన చోట ఉన్నట్టు గుర్తించారు. టేపు కూడా అతిగా వాడితే పక్షికి ఇబ్బందే, అది కూడా ఎరిగి వాడాల్సిందే. పక్షి ఈక కూడా రాలలేదు, సాక్ష్యం మాత్రం దొరికింది. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు దారి మళ్ళించగలిగారంటే ఆ సాక్ష్యమే ఆసరా.

చచ్చిన పక్షులూ ఊరికే పోలేదు. స్కాట్లాండులో అబెర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా ఉన్న ఎర్నెస్ట్ మీటన్ సేకరించింది. అది కలివికోడిదేనని 2013లో తేల్చారు. గుడ్డులోని డీఎన్ఏను పాత మ్యూజియం పక్షి కాలివేలి చర్మంతో పోల్చి చూశారు. కొత్తగా ఒక్క ప్రాణం తియ్యాల్సిన పని పడలేదు.

ఒక్క సంగతి నాకు లోటుగానే ఉంది. ఎక్కడ వెతకాలో, ఏ వేళ వెతకాలో మొదట తెలిసింది ఐతన్న లాంటి వాళ్ళకు. ప్రయోగశాల కమిటీలో శాస్త్రవేత్త కాని మనిషికి ఒక కుర్చీ ఉంది. లంకమలలో పరిశోధనకు అనుమతులిచ్చే చోట కూడా అలాంటి కుర్చీ ఒకటి వేసి, రెడ్డిపల్లె మనిషిని కూర్చోబెట్టాలి.