బాక్టీరియాలో పాదరస నిరోధకత: జన్యు ఆధారం

పాదరస అయాన్లు ప్రోటీన్లలోని గంధకాన్ని గట్టిగా పట్టుకుని ఎంజైములను పనికిరాకుండా చేస్తాయి. కొన్ని బాక్టీరియాలు ఈ విషాన్ని తట్టుకోవడం ‘మెర్’ ఒపెరాన్ అనే జన్యువుల వరుస వల్ల. ఇది క్రోమోజోము మీదా ఉండవచ్చు గాని, తరచుగా ప్లాస్మిడ్ల మీద, ట్రాన్స్‌పోజాన్ల మీద కనిపిస్తుంది. అందుకే ఒక జాతి నుంచి మరో జాతికి చేరగలుగుతుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో పెనిసిలిన్ నిరోధకతతో పాటు ఇదీ ప్లాస్మిడ్ మీదే ఉన్నట్టు 1960లలో తేలింది. అన్నిటికంటే లోతుగా పరిశీలించినవి సూడోమోనాస్‌లోని టీఎన్501, షిగెల్లా నుంచి వచ్చిన ఆర్100 ప్లాస్మిడ్ మీది టీఎన్21 అనే ట్రాన్స్‌పోజాన్లు.

గ్రామ్ నెగెటివ్ కణాల్లో మెర్-పి ప్రోటీను పాదరసాన్ని వెలిపొర లోపలే అందుకుంటుంది, మెర్-టి దాన్ని లోపలి పొర దాటిస్తుంది. విషాన్ని కణమే లోపలికి తెచ్చుకోవడం వింతగా తోచినా, దాన్ని క్షయకరణం చేసే మెర్-ఎ ఎంజైము, దానికి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్ ఉన్నది లోపలే. మెర్-ఎ అయానును లోహ పాదరసంగా మారుస్తుంది. అది ఆవిరై బయటికి పోతుంది. మిథైల్ పాదరసం వంటి కర్బన సమ్మేళనాలను తట్టుకోవాలంటే, కర్బన-పాదరస బంధాన్ని తెంచే మెర్-బి కూడా ఉండాలి.

ఈ వ్యవస్థలో అత్యంత ఆశ్చర్యకరమైనది నియంత్రణ. మెర్-ఆర్ ప్రోటీను జంటగా డీఎన్‌ఏ మీద కూర్చుని, పాదరసం లేనప్పుడు జన్యువులను అణచి ఉంచుతుంది. ప్రొమోటరులోని రెండు గుర్తుల మధ్య సాధారణంగా 17 క్షార జంటలుండాలి, ఇక్కడ 19 ఉన్నాయి. ఆ ఎడం వల్ల ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ పని మొదలుపెట్టలేదు. ఒక్క పాదరస అయాను మూడు సిస్టీన్లకు తగులుకోగానే మెర్-ఆర్ డీఎన్‌ఏ మెలిని కొంత విప్పుతుంది, గుర్తులు సరైన దిశకు వస్తాయి. అణచిన ప్రోటీనే, కదలకుండా అదే చోట, ప్రేరేపకమవుతుంది.

నిరోధకత పుట్టుక మీద ఏకాభిప్రాయం లేదు. పాదరసపు క్రిమిసంహారకాలు, దంత అమాల్గం దీన్ని పెంచాయనేది ఒక వాదన. టీఎన్21 మీద యాంటీబయాటిక్ నిరోధక జన్యువులూ ఉండటం దానికి బలమిస్తుంది. అయితే ప్లైస్టొసీన్ నాటి శాశ్వత మంచునేలల్లోని బాక్టీరియాల్లోనూ నేటి వాటిని పోలిన మెర్ ట్రాన్స్‌పోజాన్లు దొరికాయి. కనుక జన్యువులు ప్రాచీనమైనవని, మనుషుల వాడకం వాటి వ్యాప్తిని మాత్రమే పెంచిందని అనుకోవడం సబబు.

భారత తీరంలో 1997 దాకా పాదరసాన్ని తట్టుకునే బాక్టీరియాలు బహు అరుదని, తర్వాత అవి బాగా పెరిగాయని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2003లో ప్రచురించారు. బంగాళాఖాతంలో ఒడిశా తీరం నుంచి వేరుచేసిన బాసిల్లస్ తురింజియెన్సిస్ రకం ఒకదానిలో మెర్-ఎ జన్యువు ఉన్నట్టు రూర్కెలా ఎన్‌ఐటీ పరిశోధనలో బయటపడింది. ఇటువంటి బాక్టీరియాలు నీటిని శుభ్రపరిచినా, వదిలిన ఆవిరి గాలిలో కలుస్తుంది. శుద్ధికి వాడాలంటే ఆ ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి.