అల్లర్లకు పత్రికలు చెప్పే కారణాలు

1967 జూలై 23 తెల్లవారుజామున అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో లైసెన్సు లేని మద్యశాల ఒకదానిపై పోలీసులు దాడి చేశారు. తరువాతి అయిదు రోజుల అల్లర్లలో 43 మంది చనిపోయారు. కారణాల గురించి అప్పట్లో రెండు వాదాలు బాగా చెల్లుబాటయ్యాయి. చదువు మధ్యలో మానేసిన అట్టడుగువారే తిరగబడ్డారనేది ఒకటి. దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లవారు నగరంలో ఇమడలేకపోయారనేది రెండవది. రెండూ వినడానికి సబబుగానే ఉంటాయి.

డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక వాటిని పరీక్షకు పెట్టింది. ఫిలిప్ మేయర్ అనే విలేకరి సామాజిక శాస్త్రజ్ఞుల పద్ధతిలో ప్రశ్నావళి తయారుచేసి, అల్లరి జరిగిన పేటల్లో 437 మంది నల్లవారిని అడిగించి, జవాబులను కంప్యూటరుకెక్కించాడు. కాలేజీ చదువు ఉన్నవారూ, బడి మానేసినవారూ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో పాల్గొన్నారని తేలింది. వలస వాదన మరీ తలకిందులయింది. దక్షిణాదిలో పెరిగి వచ్చినవారికంటె ఉత్తరాదిలోనే పెరిగినవారు పాల్గొన్న నిష్పత్తి సుమారు మూడు రెట్లు!

పత్రికలు అల్లర్ల మూలాలను తగినంతగా చూపలేదని 1968లో కెర్నర్ కమిషన్ కూడా అన్నది.

తెలుగు పత్రికలు 'అల్లర్లు చెలరేగాయి' అని రాస్తాయి. చెలరేగడం అకర్మక క్రియ; కర్త అల్లర్లే. ఎవరు, ఎందుకు అన్నవాటికి ఆ వాక్యంలో చోటు లేదు. (భాషాశాస్త్రం చదివినవారి చాదస్తం అనుకున్నా సరే.) ఆ ఖాళీలో 'బయటివాళ్లు' అన్న మాట తేలిగ్గా వచ్చి కూర్చుంటుంది. తరతరాలుగా ఇతర రాష్ట్రాల్లో స్థిరపడిన మనవారికి ఆ మాట కొత్త కాదు. మేయర్ లెక్కల్లో మేము ముందుగా వెతికింది కూడా ఎవరు ఎక్కడ పెరిగారన్న వివరమే.