దిగువ కృష్ణలో చూడాల్సింది దారే

బెజవాడలోనో బందరులోనో కారు మాట్లాడుకుని, చీకటితో బయల్దేరి, రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరే ఒక్కరోజు యాత్ర ఇప్పుడు కృష్ణా తీరంలో మామూలైపోయింది. ఇంటిల్లిపాదీ ఒకే బండిలో పడతారు. డ్రైవరుకు దారులన్నీ కొట్టినపిండి. కిలోమీటరుకు ఇంత, బేటా ఇంత అని ముందే తేలిపోతుంది. చూసే ఊళ్ల పట్టీ కూడా దాదాపు ఒకటే: బందరు కోట, మంగినపూడి బీచి, కూచిపూడి, మొవ్వ, ఘంటసాల, శ్రీకాకుళం, అవనిగడ్డ, హంసలదీవి. గుడివాడ మీదుగా వచ్చేవాళ్లు అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బను, పార్శ్వనాథుడి జైన ఆలయాన్ని కలుపుకుంటారు. అంతా చుట్టి వస్తే రెండొందల కిలోమీటర్లకు అటూ ఇటూ. సౌకర్యంగా ఉన్న ఈ పట్టీలో ఒక లోపం ఉంది. బండి దిగిన చోటే చరిత్ర ఉంటుందనీ, బండిలో కూర్చున్నంతసేపూ కనిపించేవి పొలాలూ కాలవలూ కొబ్బరిచెట్లే కదా అనీ మనకు అలవాటు చేసింది. నిజానికి దిగువ కృష్ణలో మిగిలిన చారిత్రక కట్టడాలన్నిటిలో పెద్దది, తక్కినవాటికి అర్థం చెప్పగలిగేది, ఆ బండి నడిచే దారే. ఆ దారిని చదవడం తెలియనివాళ్లకు ఘంటసాల ఒక మట్టిదిబ్బ, బందరు కోట నాలుగు మొండిగోడలు.

ఘంటసాలతోనే మొదలుపెడదాం. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళ గ్రంథంలో మైసోలియా అనే సీమ, అందులో కొంటకోస్సైలా అనే వర్తక కేంద్రం కనిపిస్తాయి. ఘంటసాలలోనూ నాగార్జునకొండలోనూ దొరికిన ప్రాకృత శాసనాల్లో కంటకసేల అన్న పేరు ఉంది. రెండూ ఒకటేనని చరిత్రకారులు చాలాకాలంగా ఒప్పుకుంటున్నారు. అంతకు దాదాపు వందేళ్ల ముందే గ్రీకు నావికుడొకరు రాసిన పెరిప్లస్ గ్రంథం మసాలియా తీరంలో సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అలెగ్జాండర్ రే ఇక్కడి దిబ్బను తవ్వించి స్తూపాన్ని వెలికితీశాడు. పురావస్తు శాఖ మ్యూజియంలో ఇప్పుడు ఆ శిల్పాలు చూడొచ్చు. చూసిన ప్రతివాళ్లకూ రావలసిన ప్రశ్న ఒకటుంది. బందరుకు పడమరగా ఇరవై కిలోమీటర్ల దూరంలో, నాలుగు వైపులా వరిచేలున్న ఊళ్లోకి ఓడ సరుకు ఎలా వచ్చింది? జవాబు మ్యూజియంలో దొరకదు. ఘంటసాల నుంచి చల్లపల్లి మీదుగా సముద్రం వైపు సాగే దారిలో దొరుకుతుంది. ఆ దారి పొడుగునా కిందున్నది నది తెచ్చి పోసిన ఒండ్రు. నది పాయలు మారాయి, మొగలు పూడాయి, తీరం ముందుకు జరిగింది, దాని వెంట రేవూ జరిగింది. ఘంటసాలకూ బందరుకూ మధ్య ఉన్న ఆ ఇరవై కిలోమీటర్లే పదిహేను వందల ఏళ్ల రేవుల చరిత్ర.

గుడివాడ స్తూపాన్ని, నదికి అవతలి ఒడ్డున ఉన్న భట్టిప్రోలు స్తూపాన్ని కూడా ఈ వరసలో పెట్టి చూడాలి. ధాతువులను దాచిన రాతి కరండాల మీది పాత బ్రాహ్మీ లిపితో భట్టిప్రోలు పేరు ప్రపంచానికి తెలిసింది. ఈ మూడు చోట్లా స్తూపాలు కట్టించగలిగినంత కలిమి పంటలతో మాత్రమే వచ్చి ఉండదు. బౌద్ధం ఎక్కడైనా వర్తకుల బాట పట్టి నడిచింది, ఇక్కడ ఆ బాట నీళ్ల మీద ఉంది. తర్వాతి కాలంలో రాజులూ భక్తులూ నడిచిన దారులు కూడా ఏటి ఒడ్డునే కనిపిస్తాయి. కళింగ దండయాత్రకు పోతూ శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో ఆగి, అక్కడినుంచి కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం వచ్చి, ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, ఆ రాత్రి కలలో ఆంధ్ర మహావిష్ణువు కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడనీ ఆముక్తమాల్యద పీఠికలో ఉంది. గోల్కొండ తానీషా బందరు పోతూ కూచిపూడి భాగవతుల ఆట చూసి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడి సంప్రదాయం చెబుతుంది. మొదటిది కావ్యంలోని మాట, రెండోది నోటిమాట. అయినా రెండూ ఒక విషయంలో కలుస్తాయి. రాజధాని నుంచి సముద్రానికి పోయే దారిలో ఉండడం వల్లే ఈ పల్లెలు ఏలికల కంట పడ్డాయి. మొవ్వ గోపాలుడి పేర క్షేత్రయ్య పదాలు పుట్టిన మొవ్వ కూడా కూచిపూడికి కూతవేటు దూరంలోనే ఉంది.

పదిహేడో శతాబ్దపు బందరు ఈ దారికి చివరి మజిలీ. గోల్కొండ సుల్తానులకు బంగాళాఖాతం మీద ఇదే పెద్ద రేవు. డచ్చివాళ్లు ఆ శతాబ్దం మొదట్లోనే ఇక్కడ వర్తకశాల పెట్టారు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు వచ్చారు. కలంకారీ బట్ట ఇక్కడినుంచి పర్షియాకూ తూర్పు దీవులకూ వెళ్లేది. అయితే ఓడలు ఒడ్డుకు వచ్చి ఆగే రేవు కాదిది. తీరం దగ్గర నీళ్లు లోతు లేక ఓడలు దూరాన లంగరు వేస్తే, చిన్న పడవలు సరుకును మొగలోంచి లోపలికి చేరవేసేవి. ఇక్కడినుంచి గోల్కొండకు పల్లకీలో వారానికి పైగా పట్టేది, వానలు పడితే ఏరు దాటడమే ఒక గండం. ఇంగ్లీషువాళ్లు 1640 తర్వాత మద్రాసుకు మారడం, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశం కావడం, 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డు ఫ్రెంచివాళ్ల నుంచి కోటను పట్టుకోవడం అందరూ చెప్పే మలుపులే. వాటన్నిటికన్నా ఊరి రూపాన్ని మార్చింది 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన. ఆ ఒక్క రాత్రి బందరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ముప్ఫై వేల మంది దాకా చనిపోయారని లెక్క. డచ్చి సమాధుల మీద చెక్కిన వంశచిహ్నాలు చూసి మెచ్చుకునేవాళ్లు, వాటి చుట్టూ ఆ కాలపు ఊరు ఎందుకు కనిపించడం లేదో కూడా అడగాలి. నీళ్లు కట్టిన ఊరిని నీళ్లే తుడిచిపెట్టాయి.

ఇప్పుడు కారు నడుస్తున్న దారి ఈ విధ్వంసానికి కొంచెం ముందే పుట్టింది. 1833 నాటి డొక్కల కరువు గుంటూరు, బందరు సీమలను ఊడ్చేశాక, బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న మాట గట్టిపడింది. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన పని 1855 నాటికి పూర్తయింది. దానినుంచి తీసిన కాలవలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. బందరు కాలవ బెజవాడను సముద్రతీరంతో కలిపితే, ఏలూరు కాలవ కృష్ణను గోదావరితో కలిపింది. నీటిమట్టం మారే చోటల్లా లాకులు కట్టారు. తలుపులు మూసి, నీళ్లు నింపి, పడవను పైకెత్తే ఆ ఏర్పాటు చుట్టూ అంగళ్లు, పూటకూళ్లు, చివరికి ఊళ్లే వెలిశాయి. కాలవ తవ్విన మట్టి గట్టయింది, గట్టు మీద పడవలు లాగేవాళ్ల కాలిబాట పడింది, బాట మీద బండ్లు, బండ్ల వెనక బస్సులు వచ్చాయి. డెల్టా రోడ్లు చాలావరకు కాలవల వెంట ఎందుకు వంకర తిరుగుతాయో డ్రైవరును అడగక్కర్లేదు. నేల పల్లాన్ని చూసి నీళ్లు ఎంచుకున్న దారి అది. 1908లో బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలు వచ్చింది, 1928లో గుడివాడ నుంచి భీమవరానికి మరో పాయ పోయింది. రైలూ బస్సూ పడవను మెల్లగా పక్కకు నెట్టినా, కాలవ మాత్రం పని మానలేదు. పెడనలో అద్దకం బట్టను పారే నీళ్లలో జాడించడం కలంకారీ పనిలో తప్పనిసరి మెట్టు. కాలవ కట్టేస్తే ఆ పనికీ ఇబ్బందే.

ఈ కథలో చివరి అధ్యాయం దివిసీమ. చుట్టూ కృష్ణ పాయలు, ఒకవైపు సముద్రం ఉన్న ఈ దీవికి ఆనకట్ట నీళ్లు చాలాకాలం అందలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయిలింజన్లు పెట్టి నీళ్లు తోడే పథకం నడిపారు. ఆ తర్వాత పులిగడ్డ దగ్గర అక్విడక్టు కట్టి, నది పాయ మీదుగా కాలవను దాటించారు. కింద నది, పైన కాలవ. ఇంతకన్నా స్పష్టంగా ఈ సీమ చరిత్రను చెప్పే కట్టడం మరొకటి లేదు, అయినా యాత్రల పట్టీలో దాని పేరుండదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచింది. పదివేల మందికి పైగా పోయారు. రోడ్లూ తీగలూ తెగి, బయటి ప్రపంచానికి వార్త అందడమే ఆలస్యమైంది. తర్వాత వచ్చిన తుపాను షెల్టర్లు, ఎత్తు పెంచిన కరకట్టలు, మెరుగుపరిచిన రోడ్లు ఆ దుఃఖం నేర్పిన పాఠాలు. ఈ శతాబ్దం మొదట్లో పులిగడ్డ, పెనుమూడి మధ్య వారధి పడ్డాక, రేపల్లె వైపు పోవడానికి బల్లకట్టు కోసం ఎదురుచూపులు తప్పాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు బందరు, అవనిగడ్డ, రేపల్లెలను ఒకే గీత మీదికి తెచ్చింది. ఘంటసాలనూ భట్టిప్రోలునూ ఒకే రోజు చూడగలుగుతున్నామంటే ఆ పుణ్యం ఈ వారధిదే.

ఈ వాదానికి మొదటి అభ్యంతరం తేలిగ్గానే ఊహించొచ్చు. దారీ కాలవా ఎక్కడైనా ఉంటాయి, వాటిని చూడ్డానికి డబ్బు పెట్టి కారు ఎవరు మాట్లాడుకుంటారు? దీనికి జవాబు వియత్నాంలో ఉంది. అక్కడ హ్యూ నుంచి హోయిఆన్ దాకా డ్రైవరుతో కారు తీసుకుని పగలంతా తిరగడం విదేశీ యాత్రికులకు బాగా ఇష్టమైన ప్రయాణం. హ్యూ 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని, హోయిఆన్ పదిహేడో శతాబ్దంలో జపాను, చైనా, డచ్చి వర్తకులు మకాం వేసిన రేవు. ఆ రెంటి మధ్య హైవాన్ కనుమ ఉంది. 2005లో కొండ కింద సొరంగం తెరిచాక లారీలు కిందికి మళ్లాయి, కనుమ మీది పాత దారి చూడదగిన స్థలంగా మారింది. అంటే దారే చూడదగినది కావడం కొత్త వింతేమీ కాదు. ఇంకో పోలికా ఉంది. తూబోన్ నది పూడిపోవడంతో హోయిఆన్ వర్తకం దానాంగుకు పోయింది. కొత్త కట్టడాలు రాకపోవడం వల్లే పాత ఇళ్లు మిగిలి, 1999లో యునెస్కో జాబితాకెక్కాయి. బందరు నుంచి కూడా వర్తకం పోయింది, కానీ ఉప్పెన ఇళ్లను మిగల్చలేదు. అందుకే హోయిఆన్ తన కథను వీధుల్లో చెప్పగలదు. బందరు కథ చెప్పాలంటే ఊరి బయట, గట్ల మీద, లాకుల దగ్గర చెప్పాలి.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. నీటి చరిత్రను కారులో కూర్చుని ఎలా తెలుసుకుంటారు, పడవ కదా ఎక్కాలి? పడవ ఎక్కగలిగితే మంచిదే. అయితే పడవ చూపించేది ఒక్క కాలవనే. ఒక కాలవ ఎక్కడ ముగిసి మరో పాయ ఎక్కడ మొదలవుతుందో, పాత తీరం ఎక్కడ, కొత్త తీరం ఎక్కడో ఒక్కరోజులో పోల్చి చూడాలంటే కారే కావాలి. నీళ్లను దాటుకుంటూ పోయేది కారే కనుక నీళ్లు ఎన్నిసార్లు అడ్డొస్తున్నాయో లెక్క తెలిసేదీ కారులోనే. ఇక మూడో మాట: కాలవలను పొగడడం తెల్లదొరల పాలనను పొగడడమే కదా అని. ఆనకట్ట వెనక దయ ఎంత ఉందో, శిస్తు లెక్క అంతకు తక్కువ లేదు. నీళ్లందిన పల్లపు ఊళ్లకూ అందని మెట్ట ఊళ్లకూ మధ్య అంతరం ఆ రోజుల్లోనే పెరిగింది. ఆ విషయం దాచకుండా చెప్పడానికి కూడా లాకుల కన్నా మంచి చోటు లేదు. ఆ గట్లకు మట్టి మోసినవాళ్లు ఈ ఊళ్ల కూలీలే. కట్టించినవాడి పేరు రాసే చోట కట్టినవాళ్ల మాట కూడా ఉండాలి.

కాబట్టి జిల్లా పర్యాటక శాఖకు పెద్దగా ఖర్చు లేని సలహా ఒకటి. కొత్త విగ్రహాలూ స్వాగత తోరణాలూ తర్వాత చూసుకోవచ్చు. ముందు బందరు కాలవ లాకుల దగ్గర, పులిగడ్డ అక్విడక్టు దగ్గర, ఘంటసాల దిబ్బ దగ్గర, ఆ చోటుకీ నీటికీ ఉన్న సంబంధం చెప్పే బోర్డు ఒక్కొక్కటి తెలుగులో పెట్టండి. ఈ దారుల్లో రోజూ తిరిగే ట్యాక్సీ డ్రైవర్లకు రెండు పూటల శిక్షణ ఇవ్వండి. యాత్రికుడితో పగలంతా మాట్లాడేది వాళ్లే కదా. పాఠకులకు విన్నపం ఇంకా చిన్నది. ఈసారి కారు మాట్లాడుకున్నప్పుడు ఊళ్ల పట్టీని నది ప్రవహించే వరసలో రాసుకోండి: ముందు శ్రీకాకుళం, ఘంటసాల, తర్వాత పులిగడ్డ, అవనిగడ్డ, సాగరసంగమం దగ్గర హంసలదీవి, చివరికి తీరం వెంట బందరు. 2023లో పనులు మొదలైన కొత్త రేవు దగ్గర ఆ యాత్ర ముగించండి. రెండు వేల ఏళ్లుగా జరుగుతూ వచ్చిన రేవు ఇప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడ కనిపిస్తుంది.