అడగాల్సింది ఆవిడనే

భారత కుటుంబ నియోజన సంఘం 1949లో బొంబాయిలో పుట్టింది. ధన్వంతి రామారావు, ఆవాబాయి వాడియా దాన్ని నిలబెట్టారు. డెబ్బై అయిదేళ్లు దాటిన సంస్థకు సంచిక వేస్తున్నప్పుడు వాళ్లిద్దరితో మొదలుపెట్టడమే మర్యాద. అయితే ఆ సంస్థ నమ్మిన సూత్రాన్ని ఆచరణలో చూడాలంటే 1916 అక్టోబరు నాటి బ్రూక్లిన్‌కు, మార్గరెట్ సాంగర్ అనే నర్సు దగ్గరికి వెళ్లక తప్పదు. ఆమె తల్లికి పద్దెనిమిది గర్భాలు, ప్రాణాలతో పుట్టిన పిల్లలు పదకొండుమంది. న్యూయార్కులోని వలస కూలీల ఇళ్లకు పురుళ్లకూ జబ్బులకూ తిరిగిన సాంగర్‌కు అదే కథ ఇంటింటా ఎదురైంది. గర్భనిరోధం గురించి చెప్పడమే అశ్లీలమని చట్టం అంటున్న రోజులవి. తన చెల్లెలు ఎథెల్ బర్న్‌తో, ఫానియా మిండెల్‌తో కలిసి ఆమె బ్రౌన్స్‌విల్ పేటలో క్లినిక్కు తెరిచి ఇంగ్లీషు, యిడ్డిష్, ఇటాలియన్ భాషల్లో కరపత్రాలు పంచింది. పోలీసులు పది రోజులకే మూయించారు. ఆ పది రోజుల్లోనే నాలుగు వందల మందికి పైగా స్త్రీలు వచ్చి వెళ్లారు. సాంగర్‌కు ముప్పై రోజుల జైలు పడింది. ఆ క్లినిక్కులో డాక్టరు లేడు, ఆపరేషన్ లేదు. వచ్చిన మనిషికి తన ఒంటి సంగతి అర్థమయ్యేలా చెప్పి, నిర్ణయం ఆమెకే వదిలేశారు. ఈ సంస్థ చరిత్రనూ, దేశంలో కుటుంబ నియంత్రణ చరిత్రనూ ఈ కొలతతోనే చూడాలని నా వాదన.

సాంగర్ 1935లో మన దేశానికి వచ్చేనాటికి ఇక్కడ ఆ ఆలోచన కొత్తేమీ కాదు. ఆర్.డి. కర్వే 1921లోనే బొంబాయిలో క్లినిక్కు పెట్టాడు. మైసూరు ప్రభుత్వం 1930లో సర్కారీ క్లినిక్కులే తెరిచింది. వార్ధాలో గాంధీ ఆమె మాటతో ఏకీభవించలేదు, నిగ్రహమే మార్గమన్నాడు. సాధనాలు వస్తే మగవాడి కోరికకు పగ్గాలుండవన్న ఆయన భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఆ నిగ్రహం భర్త ఒప్పుకుంటేనే సాగుతుంది. ఒప్పుకోని భర్త ఉన్న ఇంట్లో భార్య ఏం చెయ్యాలన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. 1952లో బొంబాయిలో అంతర్జాతీయ కుటుంబ నియోజన సమాఖ్య ఏర్పడినప్పుడు ధన్వంతి రామారావు, సాంగర్ సంయుక్త అధ్యక్షులయ్యారు. ప్రభుత్వ కుటుంబ నియంత్రణ పథకమూ ఆ ఏడాదిదే.

సాంగర్‌ను ఇలా తలుచుకోవడం తగదనే వారున్నారు. వారి ఆక్షేపణ బలమైనదే. ‘అయోగ్యులు’ పిల్లల్ని కనకూడదన్న వంశశుద్ధి వాదాన్ని ఆమె సమర్థించింది. అందుకే 2020లో న్యూయార్కు ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ వారు తమ క్లినిక్కు మీంచి ఆమె పేరు తీసేశారు. కాలం అలాంటిదని సర్దిచెప్పడం నాకిష్టం లేదు. నర్సుగా మాట్లాడినప్పుడు ఆమె ఎదుటి స్త్రీని అడిగింది. సమాజాన్ని దిద్దేవాళ్లలో చేరి మాట్లాడినప్పుడు అడగకుండానే తీర్పు చెప్పింది. మన పథకంలో ఈ రెండు ధోరణులూ కలిసే ప్రవహించాయి, ఎక్కువ కాలం రెండోదే గెలిచింది. 1976–77లో ఒక్క ఏడాదిలో జరిగిన ఆపరేషన్లు ఎనభై లక్షలు దాటాయి, వాటిలో అధికభాగం మగవాళ్లకే. ఆ బలవంతపు ఆపరేషన్ల మీద జనంలో రేగిన ఆగ్రహానికి ప్రభుత్వాలు పడిపోయాక భారమంతా నిశ్శబ్దంగా ఆడవాళ్ల మీదికి జరిగింది. 1996లో టార్గెట్లు ఎత్తేశామన్నారు. 2014లో బిలాస్‌పూర్ శిబిరాల్లో ఆపరేషన్లు చేయించుకున్న స్త్రీలు పదిమందికి పైగా చనిపోయారు. శిబిరాలు ఆపమని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. అయినా 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు ముప్పై నలుగురికి చేశారు, నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ ఆపరేషన్లే లేకపోతే జననాలు తగ్గేవా అని అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో సంతాన రేటు 1.7కు దిగింది, ‘ఆపరేషన్ చేయించండి’ అని స్వయంగా అడిగే స్త్రీలూ తక్కువేం కాదు. నిజమే. కానీ అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ రాష్ట్రంలో వివాహిత స్త్రీలు పదిమందిలో దాదాపు ఏడుగురిది కు.ని. ఆపరేషనే. దేశం మొత్తం మీద భర్త ఆపరేషన్ చేయించుకున్న దంపతులు అర శాతం కూడా లేరు. పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ బల్ల ఎక్కిన అమ్మాయికి కాపర్‌-టీ గురించీ, ఇంజెక్షన్ గురించీ, భర్తకు చేసే వేసెక్టమీ గురించీ ఎవరైనా ఓపిగ్గా చెప్పారా అన్నది ఆ అంకెల్లో కనపడదు. అవేవీ చెప్పకుండా తీసుకున్న సమ్మతిని ఎంపిక అనలేం. స్త్రీ ఎంపిక పక్షాన నిలబడడంలో సంఘం పాత నాయకత్వానికి గట్టి రికార్డే ఉంది. ఆవాబాయి వాడియా అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు గర్భస్రావ సేవల విషయంలో అమెరికా పెట్టిన షరతుకు తలొగ్గలేదు. ఆ దేశం నుంచి వచ్చే నిధులు ఆగిపోయినా వెనక్కి తగ్గలేదు.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో రద్దు చేసింది. అది మంచి పనే. దాంతోపాటే ఎక్కువమందిని కనమని వేదికల మీద పిలుపులూ మొదలయ్యాయి. నిన్న తక్కువ కనమన్న ఊళ్లకే రేపు ఈ మాట మోసుకెళ్లాల్సింది ఏఎన్ఎమ్మే. సంఘం తన తర్వాతి పదేళ్ల పనిలో ఆమెకు ఇవ్వాల్సినవి రెండున్నాయి: ఒక్కో స్త్రీతో తీరిగ్గా కూర్చునే వ్యవధి, సబ్‌సెంటర్లో అన్ని పద్ధతుల సరుకూ. నెలాఖరు సమీక్షలో ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని కాన్పులు అని కాక, ఎంతమందికి ఎన్ని పద్ధతులు వివరించావని ఆమెను అడిగే పద్ధతి ముందుగా సంఘం సొంత శాఖల్లోనే మొదలవ్వాలి.