ఏడీహెచ్‌డీ: అటామోక్సెటిన్ వాడకంలో జాగ్రత్తలు
ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ప్రధాన లక్షణాలైన ఏడీహెచ్‌డీ చికిత్సకు అమెరికాలో 2002లో ఆమోదం పొందిన, ఉత్తేజక వర్గానికి చెందని తొలి ఔషధం అటామోక్సెటిన్. మెదడులోని నార్‌ఎపినెఫ్రిన్ తిరిగి నాడీకణాల్లోకి చేరకుండా ఇది అడ్డుకుంటుంది.

ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా మందు పనిచేయడం లేదని భావించి మోతాదు పెంచడం గానీ, మానివేయడం గానీ తగదు. క్యాప్సూల్‌ను విప్పకుండా మింగాలి. లోపలి పొడి కళ్లలో పడితే మంట పుడుతుంది. నాడి, రక్తపోటు, ఎత్తు, బరువులను క్రమం తప్పక పరీక్షించాలి.

పిల్లల్లో, కౌమారుల్లో ఆత్మహత్య ఆలోచనలు తలెత్తే ముప్పు ఉన్నందున, ముఖ్యంగా తొలి నెలల్లో, వారి ప్రవర్తనను తల్లిదండ్రులు గమనిస్తూ ఉండాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే వైద్యులను సంప్రదించాలి.

ఇదే చికిత్సలో వాడే క్లోనిడిన్‌ను హఠాత్తుగా ఆపితే రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి.